ఉద్దానం తీరంలో పునరుత్పాదక ఇంధన వనరులు: లాభాలు, నష్టాలు

బొగ్గు, చమురు తవ్వేకొద్దీ తరిగిపోతాయి. ఎండ, గాలి, పారే నీరు, పంట వ్యర్థాలు, పశువుల పేడ ఏటికేడు మళ్ళీ సమకూరుతూనే ఉంటాయి. వీటినుంచి తీసే శక్తిని పునరుత్పాదక ఇంధనం అంటారు. ఇవన్నీ మేలైనవేనన్నది స్థూలంగా నిజమే అయినా, ఒక్కో వనరుకు ఒక్కో ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తారన్నది అది నిలబడే చోటును బట్టి మారుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం ఈ సంగతి తెలుసుకోవడానికి తగిన చోటు. కంచిలి మండలంలో జాతీయ రహదారి మీది జలంత్రకోట నుంచి ఒకవైపు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వరకు, మరోవైపు దక్షిణాన మందస, పలాస, వజ్రపుకొత్తూరు మీదుగా టెక్కలి వరకు ఉన్న నేల ఇది. తూర్పున బంగాళాఖాతం, పడమర మహేంద్రగిరి కొండల వరస, మధ్యలో కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. ఎండకు కొరత లేదు, తోటల వ్యర్థాలకు అంతకన్నా లేదు. తుఫానులూ ఉన్నాయి, మూత్రపిండాల జబ్బూ ఉంది. కరెంటు ఎక్కడినుంచి రావాలనే ప్రశ్న మీద ఇక్కడి జనం ప్రాణాలే పోగొట్టుకున్నారు.

బొగ్గు వద్దన్న నేల

సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. కొండల మీదినుంచి దిగే వాగుల నీరు అక్కడ నిలుస్తుంది. ఆ నీటితో వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి, పశువులకు మేత దొరుకుతుంది. ప్రభుత్వ దస్త్రాల్లో చాలావరకు ప్రభుత్వ భూమిగా ఉన్న ఆ నేలను 2008లో బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరపగా ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. భూమి కేటాయింపును రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసేసరికి 2015 వచ్చింది. ఈలోగా 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, 2,640 మెగావాట్ల మరో బొగ్గు కేంద్రం విషయంలోనూ కాల్పులు జరిగాయి, అక్కడా మనుషులు చనిపోయారు. అక్కడివి తంపరలనే చిత్తడి భూములు. దగ్గర్లోనే తేలినీలాపురం, ఏటా గూడబాతులు, రంగు కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకునే ఊరు.

ఈ రెండు ఉద్యమాలూ బొగ్గును కాదన్నాయి. దాని బదులు సౌరవిద్యుత్తు వస్తే చిక్కు తీరుతుందా అంటే, భూమి లెక్క చూడాలి. 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఏడాది పొడవునా 70 శాతం సామర్థ్యంతో నడిస్తే ఇచ్చేంత కరెంటును ఎండనుంచి రాబట్టాలంటే ఎనిమిది వేల మెగావాట్లకు పైగా సౌర పలకలు పరచాలి. ఎండ పగలే ఉంటుంది, మబ్బులూ ఉంటాయి కాబట్టి సౌరకేంద్రం ఏడాది సగటున తన సామర్థ్యంలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు మాత్రమే ఇస్తుంది. మెగావాటుకు ఐదెకరాలు వేసుకున్నా భూమి 40 వేల ఎకరాలు దాటుతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి వెయ్యి మెగావాట్ల సౌర పార్కుకే దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. బొగ్గుకు గనుల కింద పోయే అడవిని, బూడిద చెరువులను కూడా లెక్కలో వేస్తే తేడా కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అంగుళం నేల ఖాళీ లేని ఉద్దానంలో పెద్ద సౌర పార్కు పెట్టాలంటే మళ్ళీ బీలలు, తంపరల మీదే కళ్ళు పడతాయి. అవి బీడు నేలలని కాగితాల మీద రాయడం తేలిక. పొగ రాని కేంద్రమైనా బీలను పూడ్చి కడితే అక్కడి జాలరికి, పశువుల కాపరికి జరిగే నష్టంలో తేడా ఏమీ ఉండదు.

ఎండ

సౌరశక్తి ఈ తీరానికి కొత్తది కాదు. నౌపడలో ఉప్పు మడుల్లోకి ఎక్కించిన సముద్రపు నీరు ఎండకూ గాలికీ ఇగిరి ఉప్పు తేరుతుంది. ఒడ్డున చేపలు ఎండుతాయి, పెరళ్ళలో కొబ్బరి ఎండుతుంది, కాశీబుగ్గ పరిసరాల్లో జీడిపిక్కలు ఆరుబయట ఆరుతాయి. ఖర్చు లేని ఈ వాడకానికి ఉన్న లోపమూ పాతదే. కాలం కాని కాలంలో ఒక వాన పడితే మడిలో ఉప్పు కరిగిపోతుంది, ఎండబెట్టిన సరుకు బూజు పడుతుంది.

పలకలతో కరెంటు తీసే పద్ధతి ధరల్లో పెద్ద మార్పు తెచ్చింది. 2015లో ఓర్వకల్లు పార్కుకు జరిగిన వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలు పలికితే అంత తక్కువా అని దేశమంతా ఆశ్చర్యపోయింది. రెండేళ్ళు తిరగకుండానే రాజస్థాన్‌లోని భడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఇంటి మీద ఒక కిలోవాటు పలకలు పెట్టుకుంటే మన తీరంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. వంద చదరపు అడుగుల జాగా చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఉంటే మొత్తం 78 వేలు కేంద్రం రాయితీ ఇస్తోంది. మూడు కిలోవాట్లు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. మామూలు ఇంటికి ఇది మిగులే. మిగిలింది విద్యుత్ పంపిణీ సంస్థ తీగలోకి వెళ్ళి బిల్లులో తగ్గుతుంది.

అయితే ఉద్దానం ఇళ్ళు కొబ్బరిచెట్ల నీడన ఉంటాయి. పలకలోని గడులన్నీ ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిసి ఉంటాయి కాబట్టి ఒక మూల కొబ్బరి కమ్మ నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి దిగిపోతుంది. పలకకు పలకకు విడిగా చిన్న ఇన్వర్టర్ పెడితే ఈ నష్టం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. పలకల కోసం కాసే చెట్టును కొట్టేయమనే సలహా ఈ ప్రాంతంలో ఎవరూ ఇవ్వకూడదు. 2018 తిత్లీ తుఫానులో పడిపోయిన తోటలు తిరిగి కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఇక్కడి ప్రతి కుటుంబానికీ తెలుసు. ఇళ్ళకన్నా బడులు, పంచాయతీ కార్యాలయాలు, రైల్వే స్టేషన్లు, జీడి పరిశ్రమల షెడ్లు, మార్కెట్ యార్డులు ముందు వరుసలో ఉండాలి. వాటి పైకప్పులు విశాలమైనవి, నీడ తక్కువ, పగటి వాడకం ఎక్కువ. జీడిపప్పు పనులు చాలావరకు పగలే సాగుతాయి కాబట్టి వచ్చిన కరెంటు వచ్చినట్టే అక్కడికక్కడ ఖర్చవుతుంది.

వేడి పెరిగితే కరెంటు కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పలకకు వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కన్నా, ఆకాశం తేటగా ఉండి చల్లగాలి వీచే జనవరి మధ్యాహ్నం పలక బాగా పనిచేస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప చట్రాలు తుప్పు పడతాయి, జింకు పూత మందంగా లేకపోతే కొన్నేళ్ళకే బిగింపులు వదులవుతాయి. తుఫాను గాలికి ముందు ఊడేవి ఆ బిగింపులే.

ఎండ కరెంటుకు అసలైన లోటు రాత్రి. తీరం వెంబడి రొయ్యల చెరువుల్లో నీటికి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే వాడేసుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది, అప్పుడు ఏరేటర్ ఆగితే చెరువు మొత్తం పోతుంది. పగలు మాత్రమే వచ్చే కరెంటు ఆ రైతుకు బిల్లు తగ్గించగలదు తప్ప చెరువును కాపాడలేదు. తోటలకు నీళ్ళు తోడే సౌర మోటారుకు ఇందుకు భిన్నమైన సమస్య. పగలు నీళ్ళు తోడితే చాలు కాబట్టి బ్యాటరీ అక్కర్లేదు, డీజిల్ ఖర్చు పోతుంది. కానీ తోడిన కొద్దీ ఖర్చు లేనప్పుడు మోటారు ఆపాలని ఎవరికీ అనిపించదు. సముద్రానికి దగ్గరి ఇసుక నేలల్లో మంచినీటిని అతిగా తోడితే ఆ ఖాళీలోకి ఉప్పునీరు చొరబడుతుంది. తాగునీటి బాధ ఎరిగిన ఉద్దానంలో సౌర మోటారు ఇచ్చేటప్పుడు బిందు సేద్యం తప్పనిసరి చేయాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

నేల దొరకని చోట నీటి మీద పలకలు తేలించే పద్ధతి వచ్చింది. విశాఖపట్నం దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం జలాశయం మీద 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం మొదలైంది. లక్షకు పైగా పలకలు, 75 ఎకరాల నీటి విస్తీర్ణం. మరుసటి ఏడాది తెలంగాణలోని రామగుండంలో వంద మెగావాట్లది పూర్తిగా పనిలోకి వచ్చింది. నీటి చలువకు పలకలు బాగా పనిచేస్తాయి, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. చేపల వేట సాగే చెరువుల మీద, పక్షులు దిగే తంపరల మీద మాత్రం దీన్ని పెట్టకూడదు. విద్యుత్ కేంద్రాల సొంత జలాశయాలు, తాగునీటి నిల్వ చెరువులు దీనికి తగినవి.

పలకల ఆయుష్షు 25 ఏళ్ళు. ఆ తర్వాత మిగిలే గాజు, అల్యూమినియం, కొద్దిపాటి వెండి, సీసం ఏమవ్వాలన్నది ఇంకా తేలాల్సిన విషయమే. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు ఆ చెత్తను 2034–35 వరకు భద్రపరచే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. తుఫానులో పగిలిన పలకలకు పాతికేళ్ళ ఆయుష్షు ఉండదు కాబట్టి ఈ చెత్త తీరానికి ముందుగా వస్తుంది.

జీడి తొక్క, కొబ్బరి డొక్క, పేడ

ఉద్దానంలో ఈ రోజుకూ ఎక్కువగా వాడే పునరుత్పాదక ఇంధనం కట్టెలే. ఎండిన కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడి కొమ్మలు పొయ్యిలోకి వెళ్తాయి. డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు, చెట్టును కొట్టాల్సిన పనీ లేదు. నష్టమంతా పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళ కళ్ళకూ ఊపిరితిత్తులకూ.

పలాస జీడి పరిశ్రమ ఇంకా పెద్ద అవకాశం. 80 కిలోల పిక్కల బస్తానుంచి వచ్చే పప్పు 20 నుంచి 23 కిలోలు. మిగిలినదాంట్లో అధిక భాగం తొక్క. ఆ తొక్కలో నాలుగో వంతుకు పైగా నూనె ఉంటుంది. పిక్కలు కొట్టే చేతులను పొక్కించేది ఈ నూనే. రంగులు, వార్నిష్‌లు, బ్రేకు లైనింగుల తయారీలో దీనికి గిరాకీ ఉంది. నూనె తీయకుండా తొక్కను అలాగే బాయిలర్ కింద కాల్చితే బాగా మండుతుంది, కానీ ఘాటైన నల్లటి పొగ వస్తుంది. ఆ పొగ చుట్టుపక్కల వీధుల్లో గొంతు పట్టేస్తుంది. నూనె తీశాక మిగిలే పిప్పి పొగ తక్కువతో మండే మంచి ఇంధనం. ఒకే తొక్క రెండు రకాలుగా డబ్బు తెస్తుంది, ఊరి గాలి కూడా తేలికపడుతుంది. ఈ ప్రాంతానికి ఇంతకన్నా సొంతమైన ఇంధన వనరు మరొకటి లేదు. చిన్న యూనిట్లు విడివిడిగా నూనె యంత్రాలు పెట్టుకోలేవు కాబట్టి తొక్కనంతా ఒకచోటికి చేర్చే ఉమ్మడి కేంద్రాలు కావాలి.

ఇదే వ్యర్థాలతో కరెంటు తీయాలంటే జాగ్రత్త అవసరం. యూనిట్ కరెంటుకు కిలో నుంచి కిలోన్నర వ్యర్థం కాలాలి. ఆరు మెగావాట్ల కేంద్రానికి రోజుకు 145 నుంచి 215 టన్నుల దాకా సరఫరా ఉండాలన్నమాట. రాష్ట్రంలో ఊకతో నడవాలని పెట్టిన కేంద్రాల్లో కొన్ని ఇంధనం ధర పెరగగానే నష్టాల్లో పడ్డాయి. కేంద్రం వచ్చేదాకా ఊకకు విలువ లేదు, వచ్చాక ఇటుక బట్టీలు, రైసు మిల్లులు, కేంద్రం పోటీపడి దాని ధర పెంచేశాయి. ఇంధనం చాలనప్పుడు అడవి కట్టె బాయిలర్లలోకి వెళ్ళే ప్రమాదమూ ఉంది.

గోబర్ గ్యాస్‌కు ఇంత హంగు అక్కర్లేదు. 1984లో రూపొందిన దీనబంధు నమూనాలో ఇనుప డోలు ఉండదు, మొత్తం ఇటుక కట్టడమే. రెండు ఘనమీటర్ల ప్లాంటు ఐదారుగురి వంటకు చాలుతుంది, దానికి రోజుకు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు ఉండాలి. మిగిలే మడ్డి కొబ్బరి పాదులకు మంచి ఎరువు. పశువులు తగ్గిపోవడం, గ్యాస్ బండ తేలిగ్గా దొరకడం వల్ల ఇవి వెనకబడ్డాయి. వాటి పనితీరులో లోపమేమీ లేదు.

గాలి

సముద్రం పక్కనే ఉంది కాబట్టి గాలిమరలు పెట్టవచ్చు కదా అని అడిగేవారు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న నాలుగు వేల మెగావాట్ల పవన విద్యుత్తు దాదాపు అంతా అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల గుట్టల మీద ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, వేగం కొంచెం తగ్గినా రాబడి బాగా పడిపోతుంది. కొండల నడుమ కనుమల్లోంచి వచ్చే నైరుతి గాలులు రాయలసీమకు ఇచ్చే నిలకడైన వేగం ఉత్తరాంధ్ర తీరానికి లేదు. ఇక్కడ బలమైన గాలి అంటే తుఫాను గాలే, అది మరకు పనికిరాదు. గంటకు 90 కిలోమీటర్లు దాటగానే మర తనంతట తానే ఆగిపోయేట్టు కడతారు. తిత్లీ గాలి 140–150 కిలోమీటర్ల వేగంతో వీచింది.

గాలిమర కాలు మోపే నేల తక్కువ, చుట్టూ సేద్యం చేసుకోవచ్చు, రాత్రిళ్ళూ వానకాలంలోనూ తిరుగుతుంది. ఎండ తగ్గే నెలల్లోనే గాలి పెరగడం వల్ల రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. కొనుగోలు ఒప్పందాల విషయంలో మాత్రం మన రాష్ట్రానికి చేదు అనుభవం ఉంది. యూనిట్ 4 రూపాయల 80 పైసలకు పైగా కుదిరిన పాత పవన ఒప్పందాలను 2019లో ప్రభుత్వం తిరగదోడబోయింది. ఒప్పుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. పాతికేళ్ళకు ఒకే ధర రాసుకునే పద్ధతి ఉన్నంతకాలం ఈ తగాదా మళ్ళీ వస్తుంది. పక్షులకు మర రెక్కలకన్నా హైటెన్షన్ తీగలు ఎక్కువ ప్రమాదకరం. తేలినీలాపురం చుట్టూ ఏ కేంద్రం వచ్చినా, అది దేనితో నడిచినా, తీగలను గూడబాతుల రాకపోకల దారికి దూరంగా వేయాలి.

నీరు

ఉత్తరాంధ్రలో పునరుత్పాదక విద్యుత్తు చరిత్ర 1955లో ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్‌తో మొదలైంది. డుడుమ జలపాతం దగ్గరి ఈ 120 మెగావాట్ల కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. జలవిద్యుత్తు గొప్పదనం ఇదే. కట్టడం ఒకసారి నిలబడితే తరాల పాటు పనిచేస్తుంది, నిమిషాల్లో మొదలుపెట్టి నిమిషాల్లో ఆపవచ్చు, కరెంటు ధర కారుచౌక. ఆ చౌకదనంలో ఒక భాగం కొండల మీది ఆదివాసులు భరించినది. జలాశయం కింద వారి పొలాలు, ఊళ్ళు మునిగాయి. ఆ కరెంటు వెలుగు మైదానాలకు చేరిన చాలా ఏళ్ళకు గానీ వారి గూడేలకు చేరలేదు.

జలంత్రకోట ప్రాంతంలో పెద్ద జలవిద్యుత్తుకు వీలు లేదు. మహేంద్రగిరిలో పుట్టి బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ వానలకు పొంగి వేసవికి సన్నబడే నది. ఇప్పుడు చర్చంతా పంప్డ్ స్టోరేజీ గురించి. పగటి మిగులు కరెంటుతో నీటిని కింది జలాశయం నుంచి పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. పెట్టిన దాంట్లో 75 నుంచి 80 శాతం తిరిగొస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది ఇలాంటిదే. పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస దగ్గర కూడా ప్రతిపాదనలు ఉన్నాయి. నదికి అడ్డంగా కట్టకపోతే మునక తక్కువే. అయినా కొండ మీద జలాశయం అంటే ఆదివాసుల నేల. గ్రామసభ అనుమతిని లాంఛనంగా ముగిస్తే మాచ్‌ఖండ్ అన్యాయమే మళ్ళీ జరుగుతుంది.

సముద్రం, భూగర్భ వేడి

ఆటుపోట్ల కరెంటుకు పోటు ఎత్తు ఉండాలి. గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో అది 11 మీటర్ల దాకా ఉంటే మన తీరంలో రెండు మీటర్లు కూడా దాటదు. కెరటాలతో కరెంటు తీయడానికి కేరళ విళింజంలో 1991లో 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం కట్టారు, అది ప్రయోగంగానే మిగిలింది. భూగర్భ వేడి గోదావరి లోయలో కొంత ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల కేంద్రం పెట్టింది. ఉద్దానానికి ఈ మూడింటి వల్లా ఇప్పట్లో ప్రయోజనం లేదు.

తుఫాను తర్వాతి కరెంటు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. వేల స్తంభాలు నేలకూలాయి. తోటల మధ్య పడిన తీగలను లేపడానికి చాలా రోజులు పట్టింది. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, మోటార్లు తిరగక ఊళ్ళకు తాగునీరు లేదు. జనరేటర్లు తెచ్చి ఊరూరా ట్యాంకులు నింపాల్సి వచ్చింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. రాయితీతో పైకప్పుల మీద పెట్టే సౌర పలకల్లో ఎక్కువ భాగం బయటి లైనులో కరెంటు ఉంటేనే పనిచేస్తాయి. తీగ బాగుచేసే లైన్‌మన్‌కు ఇంటి వైపునుంచి షాక్ తగలకుండా, సరఫరా ఆగగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోయేట్టు చేస్తారు. ఆ నియమం సరైనదే. కానీ తుఫాను వెలిసిన మరునాడు ఆకాశం తేటపడి ఎండ కాస్తున్నా, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ లేని ఇంటి మీది పలక ఒక్క దీపం కూడా వెలిగించదు. బ్యాటరీ ధర సూర్యఘర్ పథకం రాయితీలో లేదు.

మూత్రపిండాల జబ్బు వల్ల ఈ ప్రాంతానికి నిలకడైన కరెంటు మరింత అవసరం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు, వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. రోగి వారానికి రెండు మూడుసార్లు రావాలి. తుఫాను పేరు చెప్పి ఆ విడతను వాయిదా వేయడానికి వీలుండదు. నీటి పథకంలో దారి పొడవునా పంపులు నడవాలి. ఇన్నింటినీ బ్యాటరీల మీద రోజుల తరబడి నడపడం ఇప్పటి ధరల్లో సాధ్యం కాదు, డీజిల్ జనరేటర్ ఉండక తప్పదు. ఆసుపత్రి పైకప్పు మీది పలకలు, కొన్ని గంటలు ఆదుకునే బ్యాటరీలు తోడైతే ఆ జనరేటర్‌కు పట్టే డీజిల్ కొంత తగ్గించవచ్చు. రోడ్ల మీద చెట్లు పడి ట్యాంకర్లు రాలేని రోజుల్లో ఆ ఆదాయే ముఖ్యం.

ఊరి స్థాయిలో కావలసింది ఇంకా చిన్నది. తీరం వెంబడి కట్టిన తుఫాను ఆశ్రయ భవనాల పైకప్పులు గట్టి కాంక్రీటువి, నీడ లేనివి. ఒక్కో దాని మీద ఐదారు కిలోవాట్ల పలకలు, తగిన బ్యాటరీ ఉంటే బోరు మోటారు రోజుకు కొన్ని గంటలు తిరుగుతుంది, సెల్‌ఫోన్లు ఛార్జ్ అవుతాయి, ఆరోగ్య ఉపకేంద్రం టీకాల పెట్టె చల్లగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ కరెంటును పక్కనున్న బడికో అంగన్‌వాడీకో ఇవ్వవచ్చు. పలకలను పైకప్పు నుంచి ఎత్తుగా లేపకుండా, తక్కువ వాలుతో, గాలి కిందినుంచి పట్టి లేపకుండా బిగించాలి. అక్టోబర్, నవంబర్ నెలలు రాకముందే ఏటా ఒకసారి ఆ బిగింపులు చూసే మనిషికి పంచాయతీ నుంచి జీతం ఉండాలి.